రెండో బుట్ట

మేడారం జాతర రోజుల్లో హనుమకొండకు నిద్ర ఉండదు, అట్లాగని పూర్తి మెలకువా ఉండదు. బెల్లం వాసన, పసుపు కలిసిన దుమ్ము, ఆగకుండా మోగే హారన్లు, అన్నీ కలిసి ఊరిని ఒక తీయని మత్తులో పడేస్తాయి. అట్లాంటి ఒక మధ్యాహ్నం, బస్సుల కోసం చదును చేసిన మైదానంలో, షామియానా కింద, సబియా ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని లోపల సగం మనిషి ఎప్పుడో నిద్రపోయింది.

ఆ షామియానా ‘జాడ మిత్రులు’ అనే బృందానిది. జాతరకు పోయి వచ్చే జనంలో తప్పిపోయినవాళ్ళను తమవాళ్ళతో కలపడం వాళ్ళ పని. జీతం లేదు, బత్తెం లేదు. పులిహోర మాత్రం పూటపూటకూ ఉంది, ఇక దాని పేరెత్తితేనే అందరికీ దండం పెట్టాలనిపించేంతగా ఉంది. ఈ మైదానంలో ఒకటి, ములుగు రోడ్డు దగ్గర ఇంకొకటి, మైకులతో సహా షామియానాలు వేశారు. ఎవరైనా బిక్కమొహంతో వస్తే గేటు దగ్గరి పచ్చకండువా కుర్రాళ్ళు ఫోన్ నోటి ముందు పెట్టి, "ఏమైందో చెప్పు" అంటారు. ఆ మాటలు అక్షరాలై సబియా తెర మీద పడతాయి. ఆ అక్షరాల్లోంచి పేరును ఏరి తీసే ప్రోగ్రాం రాసింది ఆమే. ఒకే పేరు ఇక్కడి నుంచీ అక్కడి నుంచీ వచ్చిందంటే, వెతికేవాళ్ళూ తప్పిపోయినవాళ్ళూ దొరికినట్టే.

ప్రోగ్రాంకు అర్థమైన సందేశం పక్కన ఆకుపచ్చ టిక్కు పడుతుంది, అందులోని పేరు సందేశంతో సహా మైకు దగ్గరి తెర మీదికి పోతుంది. అర్థం కానివి భానుచందర్ ఫోనుకు పోతాయి. అతను వాటిని కళ్ళతో చదివి, అవసరమైతే లేచి పోయి మనిషినే అడిగి తెలుసుకుంటాడు. ఇక్కడి మైకు కూడా అతనిదే. పెళ్ళిళ్ళలో మాట్లాడి మాట్లాడి తేలిన గొంతు. తప్పిపోయిన ముసలాయన పేరు చదివినా కొత్త పెళ్ళికొడుకును వేదిక మీదికి పిలిచినట్టే ఉంటుంది.

సబియా వాడిన విద్యను రెజెక్స్ అంటారు. బ్రహ్మవిద్యేమీ కాదు గాని కాస్త గీర ఉన్న విద్య. మనుషులు వాక్యాన్ని ఎట్లా అంటారో ముందే ఊహించి ఒక అచ్చు గీస్తారు. అందులో మనకు కావలసిన ముక్క చుట్టూ బ్రాకెట్లు పెడతారు. వాక్యం ఆ అచ్చుకు సరిపోయిందా, ఆ ముక్క వచ్చి బుట్టలో పడుతుంది. ఆ బుట్టకు గ్రూపు అని పేరు. జనం ఒకే సంగతిని రెండు రకాలుగా అంటారనుకుంటే, అచ్చు మధ్యలో ఒక నిలువు గీత గీస్తారు. ఇట్లా అన్నా సరే, అట్లా అన్నా సరే అని దాని అర్థం.

ఆ గీత దగ్గరే సబియా తన తెలివంతా చూపించింది. గీతకు ఇవతల, "నా కొడుకు రాజమౌళి కనబడ్తలేడు" అని పేరు చెప్పేవాళ్ళకు దారి. అవతల, పేరు చెప్పనివాళ్ళకు దారి. మొగుడి పేరు పెండ్లాం, పెండ్లాం పేరు మొగుడు నోటితో పలకని ఇళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకా బోలెడు. బిడ్డ పేరు పెట్టి ‘ఫలానా వాళ్ళ నాయిన’, ‘ఫలానా వాళ్ళమ్మ’ అంటారు, అంతే. ఎవరో ఎందుకు, సబియా తల్లి ఫాతిమా బేగం ఇన్నేళ్ళ కాపురంలో ‘ఖాజా పాషా’ అనగా ఎవరూ వినలేదు. రేషన్ షాపులో భర్త పేరు అడిగితే కూతుర్ని ముందుకు తోసేది. అందుకే ఆ రెండో దారి సబియాకు తోచింది. ఆ దారి రాసిన రోజు ఆమె కాళ్ళు నేల మీద లేవు.

రాయమల్లు అనే ముసలాయన పొద్దుననగా వచ్చాడు. కేసముద్రం అవతలి పల్లె ఆయనది. కళ్ళకు పొరలు కమ్మి మనుషులు నీడల్లాగే కనబడతారు. ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని, మైకు వినబడే దిక్కుకు చెవి పెట్టి, కుర్చీ చివర కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక సబియా చాయ్ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"ఎవరి కోసం తాతా?"

"మా సుకన్య వాళ్ళమ్మ కోసం బిడ్డా. మేడారంల బస్సెక్కేటప్పుడు నూకులాటయ్యింది. జనం నన్ను లోపటికి నూకిండ్రు, ఆమె చెయ్యి ఇడిసిపోయింది. ఆపుండ్రి ఆపుండ్రి అని మొత్తుకున్న. గా లొల్లిల ఎవలింటరు?"

"గేటు కాడ ఫోన్ల చెప్పినవా?"

"చెప్పిన. సుకన్య వాళ్ళమ్మ కనబడ్తలేదని చెప్పిన." ఆయన సంచిని తడిమాడు. "ఆమెకు షుగరు బిడ్డా. గోలీలు నా తానే ఉన్నయి. నేను గాడనే పడి ఉన్ననుకొని మల్ల మేడారం బస్సెక్కుతది. ఆమె గుణం నాకెరుక. పొద్దుందాక సూస్తది, ఇగ ఆగది."

ఎండ అప్పటికే పడమటికి వాలుతోంది. అయినా సబియా ధైర్యంగానే చెప్పింది.

"ఫికర్ చెయ్యకు తాతా. మీ లెక్క పేరు చెప్పనోళ్ళ కోసమే నేను ఇంకో దారి రాసిన. అవ్వ ఏడ నోరు తెరిచినా సరే, ఈడ పేరు పడ్తది."

"ఏం పేరు పడ్తది?"

"సుకన్య అని."

ముసలాయన చాయ్ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపాడు. "గా పేరు పడ్తదా?" అన్నాడు. మొహంలోకి ఏదో వెలుగు వచ్చి పోయింది. "అయితే కూసుంట."

సబియా మైకు తెర మీద వెతికింది. సుకన్య లేదు. ములుగు రోడ్డు కుర్రాడికి ఫోన్ చేసింది. అతనూ తన తెర చూసి లేదన్నాడు. తెర చూశాడు గాని, షామియానా కింద కూర్చున్నవాళ్ళను చూడలేదు. పోనీ, ఎదురుగా ఉన్న ఈయన చెప్పిన మాట కూడా తెర మీద లేదే అని సబియాకైనా తట్టాలి కదా! తట్టలేదు. నిద్ర లేని తలకాయకు గర్వం తోడైతే ఇంతే. టిక్కులన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి, తన ప్రోగ్రాం బంగారంలా పనిచేస్తోంది, అవ్వే ఇంకా ఎవరికీ చెప్పి ఉండదు అనుకుంది.

గాలి ఆగిపోయింది. షామియానా గుడ్డలోంచి వడగట్టిన ఎండ ఎర్రగా, పచ్చగా బల్ల మీద పడుతోంది. భానుచందర్ గొంతు దూరంగా ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుంది. సబియా చేతుల మీద తల ఆనించింది. ఒక్క నిమిషం అనుకుంది.

ఆ నిమిషంలో మైదానం ఖాళీ అయింది. బస్సులు లేవు, దుమ్ము లేదు. రెండు గేట్లు మాత్రం ఉన్నాయి. ఒక గేటులోంచి మగవాళ్ళు, పిల్లలు గట్టిగా పేర్లు చెప్పుకుంటూ వస్తున్నారు. వాళ్ళ పేర్లు చింతపండు రాలినట్టు బుట్టలో రాలుతున్నాయి. సబియా ఆ బుట్ట పట్టుకుని కూర్చుంది. రెండో గేటులోంచి ఆడవాళ్ళు వస్తున్నారు, నెత్తి మీద కొంగు, నొసట పసుపు, చప్పుడు లేని నడక. ఎవరూ ఏమీ అనడం లేదు. ఒక్కొక్కరూ నడుము కాడి ముడి విప్పి, అందులోంచి ఏదో తీసి, పక్కనున్న ఇంకో బుట్టలో మెల్లగా పెట్టి పోతున్నారు. ఆ వరుసలో సబియా వాళ్ళ అమ్మీ కూడా ఉంది. అమ్మీ ఏం పెట్టిందో చూడాలని సబియా మెడ తిప్పబోయింది. మెడ తిరగలేదు. అమ్మీ వంగి ఆమె చెవిలో, "నీ పేరే పెట్టిన, చూస్తలేవు" అంది.

ఫోన్ మోగింది. సబియా ఉలిక్కిపడి లేచింది. నిజంగానే అమ్మీ.

"ఏం జాడ మిత్రులే మీరు! కన్నతల్లి మెసేజ్ పెడితేనే దిక్కు లేదు, ఇగ బయటోళ్ళ గతేంది?"

"నువ్వెందుకు పెట్టినవ్ అమ్మీ?"

"ఎందుకేంది? మీ అబ్బా పొద్దుగాల ఆటో తీస్కొని పోయిండు. ఇప్పటిదాక ఫోన్ బంద్. ఎవరు తప్పిపోయినా ఈ నంబరుకు చెప్పుండ్రి అని నువ్వే గదా ఊరంత చాటింపేసినవ్! నేనూ చెప్పిన. సబియా వాళ్ళ అబ్బా కనబడ్తలేడు అని."

సబియాకు నవ్వాగలేదు. "అబ్బా తప్పిపోతడా అమ్మీ? వరంగల్ గల్లీలన్నీ అబ్బాను చూసే దారి తెలుసుకుంటయి. చార్జింగ్ అయిపోయుంటది."

"నవ్వు, నవ్వు. పొద్దటి సంది నా బీపీ ఎంతున్నదో నీకేమెరుక!"

ఫోన్ పెట్టేశాక కూడా సబియా నవ్వుతూనే ఉంది. అంతలో ఆ నవ్వు ఆగిపోయింది. అమ్మీ చెప్పి ఉంటే తెర మీద ‘సబియా’ అని పడాలి. తన పేరు తనకు కనబడకుండా పోతుందా?

ప్రోగ్రాం లోపలికి పోయి తల్లి నంబరు వెతికింది. దొరికింది. ‘సబియా వాళ్ళ అబ్బా కనబడ్తలేడు’, అక్షరం పొల్లుపోలేదు. పక్కన ఆకుపచ్చ టిక్కు. ఆ పక్కన, పేరు ఉండాల్సిన చోట, ఏమీ లేదు.

కిందికి జరిపింది. ఇంకో టిక్కు, ఇంకో ఖాళీ. మరొకటి. జరుపుతున్నకొద్దీ ఖాళీలే. అన్నీ రెండో దారిన వచ్చినవే.

జరిగింది ఇది. నిలువు గీతకు రెండు పక్కలా రెండు దారులుంటే, ఏ దారి బుట్ట ఆ దారిదే. మొదటి దారిన వచ్చిన పేరు మొదటి బుట్టలో పడుతుంది, రెండో దారిన వచ్చినది రెండో బుట్టలో. ఒకటి నిండితే రెండోది ఖాళీ. సబియా దారులు రెండు వేసింది గాని, పేరు తీసుకునే చోట మొదటి బుట్టలోనే చేయి పెట్టమని రాసింది. అందులో ఏమీ లేకపోతే గోల చేయకుండా ఖాళీ వదిలెయ్యమని కూడా తనే రాసింది. పేరు లేని వరుస మైకు తెర మీదికి పోదు. అసలు రెండో దారే లేకపోయి ఉంటే ఆ మాటలు అర్థం కాని వాటిలో చేరేవి, భానుచందర్ చదివేవాడు, లేచి పోయి అడిగేవాడు. ఆ టిక్కే కొంప ముంచింది. రండి రండి అని పిలిచి, లోపలికి రానిచ్చి, మొహం చూడకుండా కూర్చోబెట్టినట్టయింది.

సిగ్గుతో సబియా చెవులు కాలిపోయాయి. ఎవరిని మరిచిపోకూడదని అంత పట్టుగా రాసిందో, సరిగ్గా వాళ్ళనే పొద్దుటి నుంచీ మరిచిపోయింది. ఏడుపు వచ్చింది గాని ఏడవడానికి తీరిక లేదు. మొదటి బుట్ట ఖాళీగా ఉంటే రెండో బుట్ట చూడు అని ఒకే ఒక్క వరుస రాసింది. రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి నడిపించింది.

మైకు దగ్గర భానుచందర్ "ఓరి నాయనో!" అన్నాడు. అదీ మైకులోనే అన్నాడు, మైదానమంతా విన్నది. అతని తెర మీద పేర్లు వాన కురిసినట్టు పడుతున్నాయి. అతను గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. "హరీష్ వాళ్ళమ్మ... ప్రేమలత వాళ్ళ నాయిన... యాకయ్య వాళ్ళమ్మ, ఏ ఊరి యాకయ్యో గాని, యాకయ్య వాళ్ళమ్మలందరూ ఒకపారి రావాలె..." ఎక్కడెక్కడో మూలల్లో కునుకుతున్న ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటూ లేచారు. పెద్దవాళ్ళందరూ పిల్లల పేర్లతో లేచి నడుస్తుంటే, ఆ పచ్చటి దుమ్ములో సబియాకు ఇది మెలకువో, ఇందాకటి కలే ఇంకా నడుస్తోందో తెలియలేదు.

సుకన్య పేరు తెర మీద రెండుసార్లు పడింది. ఒకటి ఈ మైదానం నుంచి. రెండోది ములుగు రోడ్డు నుంచి, పొద్దున వచ్చినది. ‘మా సుకన్య వాళ్ళ నాయిన కనబడ్తలేడు, కండ్లు కానరావు ఆయనకు.’

"తాతా! దొరికింది! అవ్వ ములుగు రోడ్డు కాడున్నది!" సబియా ఒక్క ఉదుటున ఆయన దగ్గరికి పోయి పడింది. ఒక చేత్తో అక్కడి కుర్రాడికి ఫోన్ కలుపుతూనే, "సుకన్య నంబరు చెప్పు, ఆమెకు కూడ చెప్త. ఇంటికాడ ఫికర్ చేస్తుంటది" అంది.

రాయమల్లు తల అడ్డంగా ఊపాడు. "ఆమెకు ఫోనేడిది బిడ్డా! చిన్నగున్నప్పుడే జరమొచ్చి పోయింది. ఒక్కతే బిడ్డ." సంచిలోంచి ప్రసాదం బెల్లం ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ప్రతి జాతరకు ఆమె ఎత్తు బెల్లం తూకమేసి మేడారం తల్లికిస్తం. ఇన్నేండ్లయినా అంతే తూగుతది. పేరు ఇడిసిపెడితే మరి ఆమె ఏడుంటది? గందుకే గట్లనే పిల్సుకుంటం."

సబియా ఆ బెల్లం ముక్కను గుప్పిట్లో మూసుకుంది. అంతలో ఫోన్‌లో అవతలి కుర్రాడు, "ఆ అవ్వనా? ఇంతసేపు ఈడనే కూసున్నది. ఇప్పుడే లేచి మేడారం బస్సెక్కింది. నింపుడు అయిపోయింది, కదుల్తాంది కూడా!" అన్నాడు.

"నీ ఫోన్ మైకుకు పెట్టు! ఉరుకు!" అని అరిచింది సబియా. తన ఫోన్ రాయమల్లు నోటి ముందు పెట్టింది. "పిలువు తాతా. ఆమెకు ఇనబడ్తది."

ఆయన లేచి నిలబడ్డాడు. దూరాన ఉన్న మనిషిని చెలక గట్టు మీద నుంచి కేకేసినట్టు, నోటికి చేతులు అడ్డం పెట్టి, ఫోన్ సంగతే మరిచి పిలిచాడు.

"ఓ సుకన్య వాళ్ళమ్మా! నేను ఈడున్ననే! మేడారం పోకు, బస్సు దిగు! ఓ సుకన్య వాళ్ళమ్మా!"

ఫోన్‌లో గరగర. హారన్లు. జనం. రాయమల్లు పొరలు కమ్మిన కళ్ళు ఫోన్ మీదే ఉన్నాయి. ఆ తర్వాత కుర్రాడి గొంతు, ఆయాసపడుతూ. "అక్కా, బస్సు ఆగింది! లోపట్నుంచి ఎవలో రేకు మీద దబదబ బాదుతాండ్రు... అవ్వనే! దిగుతాంది! డ్రైవరును తిట్టుకుంట దిగుతాంది!"

రాయమల్లు కూలబడ్డట్టు కుర్చీలో కూర్చుని, నవ్వుతూ ఏడ్చాడు. సబియా కూడా ఇక ఆపుకోలేదు.

ఎండ మెత్తబడే వేళకు ములుగు రోడ్డు నుంచి ఒక ఆటో వచ్చి షామియానా ముందు ఆగింది. నడుపుతున్నది ఎవరనుకున్నారు, ఖాజా పాషా. "ఫోన్ చార్జింగ్ అయిపోయింది బేటీ" అన్నాడు, కూతురు నోరు తెరవకముందే. "అమ్మీకి ఫోన్ చెయ్ అబ్బా, నా పేరు మీద నిన్ను మైకుల పిలిచినం" అంది సబియా. వెనక సీట్లోంచి దిగిన సన్నటి ముసలమ్మ నేరుగా రాయమల్లు దగ్గరికి పోయి ముందు ఆయన భుజం మీద ఒకటి వేసింది.

"చెయ్యి ఇడుస్తవా? గట్టిగ పట్టుకోమంటె ఇడుస్తవా?"

"గోలీ ఏసుకో ముందుగాల" అన్నాడాయన, సంచి చాపుతూ. ఆమె గోలీ వేసుకుని, నీళ్ళు తాగి, ఆయన చేయి పట్టుకుంది. మళ్ళీ వదల్లేదు. ఆమె పేరు మొగిలమ్మ అని సబియాకు తెలిసింది అప్పుడు, అదీ ఆమె నోటి నుంచే.

బస్సు కోసం లేచారు. మొగిలమ్మ రెండడుగులు వేసి ఆగి, భర్త చేయి పట్టుకునే వెనక్కి వచ్చి, సబియా బల్ల ముందు నిలబడింది.

"బిడ్డా, మైకుల మా సుకన్య పేరు ఇనబడ్డది. మేమిద్దరం తప్ప ఆ పేరు ఎవలనరు. అంత పెద్దగ ఎన్నడు ఇనలే." మైకు వైపు చేయి చూపింది. "ఇంకొక్కపారి పిలిపియ్యరాదు?"

"తాత దొరికిండు గదా అవ్వా?"

"దొరికిండు. ఊకెనే."

సబియా మైకు వైపు తిరిగింది. భానుచందర్ అంతా విన్నాడు. మైకు చేతిలోకి తీసుకున్నాడు. పెళ్ళిగొంతు ఎక్కడ పోయిందో గాని, ఇంట్లో నిద్రపోతున్న పిల్లను లేపకుండా మాట్లాడినట్టు మాట్లాడాడు.

"సుకన్యా... కేసముద్రం దిక్కు సుకన్యా... మీ అమ్మ, మీ నాయిన ఇద్దరు ఒక్కకాడనే ఉన్నరు. మంచిగున్నరు. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆ మాట మైదానం అంచుల దాకా పోయి, బస్సుల మీదుగా, బెల్లం వాసన మీదుగా ఎటో పోయింది. మొగిలమ్మ అది పోయిన దిక్కే చూస్తూ, సరిగ్గానే చెప్పాడన్నట్టు తలాడించింది.